సొంతంగా బైబిలు చదువుకోవడానికి ఏం కొనాలి? ఒడిశా, మహారాష్ట్ర బోర్డర్ తెలుగు వాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ వందనాలు. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ నా చదువంతా ఒడియా మీడియం. తెలుగు బైబిలు చదవగలను గానీ నెమ్మదిగా. "పోలియున్నది", "యెరుగుదువు" లాంటి మాటల దగ్గర ఆగిపోతుంటాను. ఇన్నాళ్ళూ రోజుకో అధ్యాయం చదివి మూసేసేదాన్ని. ఈసారి మత్తయి సువార్త ఒక్కటే పట్టుకుని అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. చేతిలో 1500 రూపాయలున్నాయి. అడుగున నోట్లుండే స్టడీ బైబిలా, వ్యాఖ్యానమా, ఏ మాట ఏ వచనాల్లో ఉందో చూపే కాంకార్డెన్సా? ఫోన్లో యాప్ చాలదా? మా ఆయన "ఉన్న బైబిలే చదవవు, మళ్ళీ ఇంకోటా" అంటున్నారు. అదీ నిజమే అనుకోండి.

గుణుపురం ప్యాసింజర్:
వందనాలు సిస్టర్. వ్యాఖ్యానాల సెట్ మాత్రం ముందే కొనకండి. నేను సభల దగ్గర స్టాల్లో ఐదు పుస్తకాల సెట్ కొని మంచం కింద పెట్టాను. వానాకాలం వెళ్ళాక తీస్తే రెండు పుస్తకాలకు చెదలు. పోయిన డబ్బు కంటే ఇంకో నష్టం పెద్దది. చదివినన్నాళ్ళూ వచనం మీద ఒక్క చూపు వేసి, కింద వ్యాఖ్యాత ఏం రాశారో దానికే పరిగెత్తేవాణ్ణి. కూటంలో నాలుగు మాటలు చెప్పమంటే నా నోట్లోంచి ఆయన మాటలే వచ్చేవి.

ముందు మీ దగ్గరున్న బైబిలు తెరిచి చూడండి. అది రిఫరెన్స్ బైబిలేనా, అంటే వచనానికి సంబంధించిన వేరే వచనాల నంబర్లు సన్నగా వేసి ఉన్నదేనా?

మహేంద్రతనయ:
అవునండీ, రిఫరెన్సులు ఉన్నాయి! చీమల బారులా ఉంటాయి కదా, ఎప్పుడూ పట్టించుకోలేదు.

చర్చి తాళాలు (రాయగడ):
అక్కా, ఆ చీమల బారే అసలు పనిముట్టు. నాకు జరిగింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మత్తయి 13:33లో ఒక స్త్రీ పులిసిన పిండిని "మూడు కుంచముల పిండిలో" దాచిపెట్టింది. మా నాయనమ్మ ఇంట్లో కుంచం ఉండేది కాబట్టి, సరే మూడు కుంచాలు అనుకుని సాగిపోయేవాణ్ణి. ఒకసారి రిఫరెన్స్ చూస్తే ఆదికాండము 18:6 అని ఉంది. తీశాను. అబ్రాహాము ఇంటికి ముగ్గురు వచ్చారు, శారాతో "మూడు మానికల" మెత్తని పిండి పిసికి రొట్టెలు చేయమంటాడు. మూడు తప్ప రెంటికీ పోలిక ఏమిటో అర్థం కాలేదు. మన లెక్కలో నాలుగు మానికలైతే ఒక కుంచం. మూడు మానికలంటే కుంచం కూడా నిండదు.

బైబిల్ హబ్ వెబ్‌సైట్‌లో ఇంటర్‌లీనియర్ తెరిచాను, అంటే మూల భాష మాటలకు ఒక్కోదానికీ ఇంగ్లిష్ అర్థం ఇచ్చే పాఠం. అందులో ప్రతి గ్రీకు మాట పక్కన స్ట్రాంగ్ నంబరు ఉంటుంది, అంటే ఒక్కో మూల పదానికి ఇచ్చిన గుర్తు నంబరు. మత్తయి మూలం గ్రీకు, ఆదికాండము మూలం హీబ్రూ. మత్తయిలోది 4568, సాటోన్. నొక్కితే "హీబ్రూ 5429 నుంచి వచ్చింది" అని ఉంది. ఆ 5429 సెయా. ఆదికాండములో శారా కొలిచింది అదే! అసలులో రెండు చోట్లా ఒకటే కొలత. మన అనువాదంలో ఒకచోట మానిక అయింది, ఇంకోచోట కుంచం అయింది.

ఇంగ్లిష్ ఎన్ఐవీ అనువాదం అడుగున నోట్లు చూస్తే శారా పిండి సుమారు 16 కిలోలు, ఉపమానంలోది సుమారు 27 కిలోలు. సెయా ఎంత అన్నదాంట్లో పండితుల లెక్కలు అలా అటూ ఇటూ ఉంటాయి. తక్కువ లెక్కే తీసుకున్నా ముగ్గురు చుట్టాలకు 16 కిలోల పిండి ఏమిటండీ! మా ఇంట్లో పెళ్ళికి కూడా అంత పిసకలేదు. యేసు ఆ మాట అన్నప్పుడు విన్నవాళ్ళకు శారా గుర్తొచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ, ఎవరూ బోధ చేసేయకండి.

ఇంకో తమాషా. మత్తయి 5:15లో దీపం వెలిగించి "కుంచము క్రింద" పెట్టరు అని ఉంది కదా. అక్కడి గ్రీకు మాట సాటోన్ కాదు, మోడియోస్, నంబరు 3426. శారా పిండి దగ్గర ఒక కొలతకు తెలుగులో రెండు మాటలైతే, కుంచం దగ్గర రెండు కొలతలకు ఒకే తెలుగు మాట. తెలుగు కాంకార్డెన్స్ ఒక్కటే పెట్టుకుని వెతికితే ఈ మెలిక దొరకదు. దీనికి నాకు పైసా ఖర్చవలేదు, రెండు సాయంత్రాలు మాత్రం పోయాయి.

గుణుపురం ప్యాసింజర్:
తమ్ముడూ, నువ్వు చర్చి తాళాలు మర్చిపోయి అయ్యగారిని ఎండలో నిలబెట్టింది ఆ సాయంత్రాల్లోనేనా?

చర్చి తాళాలు:
అది వేరే రోజు అన్నా.

సాలూరు ఘాట్ (కోరాపుట్):
మ్యాప్ గురించి ఎవరూ అనలేదేం? యేసు చెప్పిన మంచి సమరయుని కథలో ఒక మనిషి యెరూషలేము నుంచి యెరికోకు "దిగి వెళ్ళుచు" దొంగల చేతికి చిక్కాడు. ఊరికే అన్న మాట అనుకునేవాణ్ణి. ఎత్తులు చూపించే మ్యాప్ తీస్తే యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల పైన, యెరికో సుమారు 250 మీటర్ల కింద. ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో వెయ్యి మీటర్ల దిగుడు. మా కోరాపుట్ నుంచి సాలూరు ఘాట్ దిగే వాళ్ళకు వేరే చెప్పాలా, మలుపు మలుపుకీ గుండె దడే. మీ బైబిలు చివర మ్యాపులుంటే అవి చాలు, అట్లాస్ కొనకండి.

రెండో షిఫ్ట్ (బళ్లార్షా):
మహారాష్ట్ర వైపు నుంచి నా రెండు మాటలు. మా ఇంట్లో తెలుగు బైబిలు, పిల్లల స్కూలు చలవతో మరాఠీ బైబిలు, రెండూ ఉన్నాయి. యోహాను 21లో యేసు పేతురును మూడుసార్లు అడుగుతాడు. తెలుగులో అన్నిచోట్లా "ప్రేమించుచున్నావా"నే. మరాఠీలో అడిగేటప్పుడు "ప్రీతీ", పేతురు జవాబులో "ప్రేమ్". అనుమానం వచ్చి చూస్తే గ్రీకులో కూడా రెండు మాటలు, అగపావో, ఫిలియో. మూడోసారి యేసు కూడా పేతురు మాటే వాడతాడు. నాకు కళ్ళు చెమర్చాయి. సిస్టర్, మీకు ఒడియా వచ్చు కదా, మీ రెండో బైబిలు ఇంట్లోనే ఉన్నట్టు.

చర్చి తాళాలు:
బాగుంది అన్నా, కానీ ఇక్కడే కాలు జారేది. అగపే అంటే దేవుని ప్రేమ, ఫిలియో అంటే స్నేహం, అంతకంటే తక్కువది అని యూట్యూబ్‌లో గంటలు గంటలు చెప్తారు. యోహాను 3:35లో తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడు అన్నచోట అగపావో, 5:20లో అదే సంగతికి ఫిలియో. తండ్రి ప్రేమ రెండు అధ్యాయాల్లో తగ్గిపోయిందా? స్ట్రాంగ్ నంబరు ఆ మాట ఎక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. ఈ వచనంలో దాని అర్థం ఏమిటన్నది చుట్టూ ఉన్న మాటలే చెప్పాలి. నేనూ ఒకసారి యూత్ మీటింగ్‌లో ఆ అగపే ప్రసంగం దంచి, తర్వాత సిగ్గుపడ్డాను.

రెండో షిఫ్ట్:
ఇది నాకు తెలీదు. ఇవాళ డ్యూటీ దిగాక 3:35 తీస్తాను. (కళ్ళు చెమర్చిన మాట మాత్రం వెనక్కి తీసుకోను.)

మహేంద్రతనయ:
ఒడియా సంగతి అన్నారు కాబట్టి, తెలుగులో "యెహోవా నా కాపరి" అని ఉన్నచోట మా ఒడియా బైబిల్లో "సదాప్రభు" అని ఉంటుంది. చిన్నప్పుడు స్కూల్లో ఒకరు, ఇంట్లో ఇంకొకరు అనుకునేదాన్ని!

ఫోన్ సంగతి కూడా చెప్పండి. అమ్మగారి ఊరు కొండ మీద, అక్కడ సిగ్నల్ ఉండదు.

గుణుపురం ప్యాసింజర్:
యూవెర్షన్ అనే బైబిలు యాప్‌లో డౌన్‌లోడ్ గుర్తు ఉన్న అనువాదాలు ఊళ్ళో ఉండగానే దించుకోండి, తర్వాత నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. పాత అనువాదం పక్కన 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ పెట్టుకుని చదవండి. "పోలియున్నది" దగ్గర ఆగే పని ఉండదు. కాకపోతే ఫోన్లో చదువుతుంటే వాట్సాప్ మోగుతుంది, వాక్యం పోతుంది. నేను కాగితం బైబిలు చదివి, అనుమానాలు నోట్‌బుక్‌లో రాసుకుని, అవి వెతకడానికే ఫోన్ తీస్తాను.

డబ్బు పెట్టేదుంటే తెలుగులో ఒక మంచి బైబిలు నిఘంటువు కొనండి. కొలతలు, పండుగలు, పరిసయ్యులెవరు, సుంకరులెవరు, అన్నీ అందులో ఉంటాయి. వ్యాఖ్యానం వచ్చే ఏడు చూద్దురు గాని.

మహేంద్రతనయ (మూడు వారాల తర్వాత):
నిఘంటువు కొన్నాను, ఇంకా మిగిలిన డబ్బు మా ఆయనకు చూపించాను. ఐదో అధ్యాయం దగ్గరే ఉన్నాను. కుంచం సంగతి మా అత్తగారికి చెప్తే అటక మీంచి పాత కుంచం దింపించారు. ప్రమిద వెలిగించి నేల మీద పెట్టి, దాని మీద కుంచం బోర్లించాం. వెలుతురు కనపడదు అంతే కదా అనుకున్నాను. కాసేపాగి ఎత్తి చూస్తే దీపమే ఆరిపోయింది! అంచులు నేలకు ఆనిపోయి గాలి అందలేదు. కప్పిపెడితే వెలుగు కనపడదు అనుకున్నాను గానీ, దీపమే ఉండదని తట్టలేదు. అత్తగారు మాత్రం "ఇది కూడా తెలీదా" అన్నట్టు చూశారు.

చర్చి తాళాలు:
అక్కా, ఇది నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు. ఇవాళే చేసి చూస్తాను.

గుణుపురం ప్యాసింజర్:
కుంచానికి పట్టిన మసి ఎవరు తోమారు సిస్టర్?

మహేంద్రతనయ:
మా ఆయన.