దత్తత పరిశీలన రెండేళ్లకు ముగిశాక సాయం అందించే బాధ్యత ఎవరిది?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ తండ్రి):
మేము బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లం. మా పాప ఆరేళ్ల వయసులో దత్తతకు వచ్చింది. ఆరు నెలలకొకసారి చొప్పున జరిగే పరిశీలన రెండేళ్లతో ముగిసింది. వచ్చినవారు ఎత్తు, బరువు, బడి పేరు రాసుకుని, ఒక ఫొటో తీసుకుని వెళ్లేవారు. ఇంటికి కొత్తవాళ్లెవరు వచ్చినా పాప ఇప్పటికీ తన బట్టలు సంచిలో సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ప్రైవేటు కౌన్సెలింగ్ ఖర్చు మాకు భారమవుతోంది. ఈ దశలో ప్రభుత్వాన్ని అడిగే హక్కు మాకుందా?

జవాబు (జయనగర్ వకీలు):
2022 దత్తత నిబంధనల ప్రకారం, పిల్లలు కొత్త ఇంట్లో సర్దుకోలేకపోతే దత్తత సంస్థ గానీ జిల్లా బాలల పరిరక్షణ విభాగం గానీ కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలి, లేదా జిల్లా, రాష్ట్ర స్థాయి కేంద్రాలకు పంపాలి. చిక్కేమిటంటే ఈ మాట ఆ రెండేళ్ల పరిశీలనకు సంబంధించిన నిబంధనలోనే ఉంది. దానికి విడిగా నిధులు చూపలేదు. అయినా మీ జిల్లా విభాగానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఈలోగా మన ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగానికి చూపించండి.

జవాబు (మల్లేశ్వరం అమ్మమ్మ):
బాలల న్యాయ చట్టం 63వ సెక్షన్ దత్తత బిడ్డను కన్నబిడ్డతో సమానంగా చూస్తుంది. వారసత్వం విషయంలో అది ఎంతో మంచిది. కానీ సాయం అడిగినప్పుడు అదే మాట అధికారులకు చేతులు దులుపుకోవడానికి సాకుగా మారుతోందని నా అభిప్రాయం. కేంద్ర బాలల పరిరక్షణ పథకమైన మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్‌కూ (కష్టాల్లో ఉన్న కుటుంబంలోని బిడ్డకు ఆర్థిక సాయం) ఫోస్టర్ కేర్‌కూ (దత్తత లేకుండా వేరే కుటుంబంలో తాత్కాలిక సంరక్షణ) నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. దత్తత కుటుంబానికి అలాంటి నెలసరి సాయమేదీ అందులో పెట్టలేదు. దత్తతకు ముందు ఆ బిడ్డ పెరిగింది ప్రభుత్వ పర్యవేక్షణలోనే కదా! కలెక్టరు ఉత్తర్వు మీద సంతకం పడినంత మాత్రాన ఆ ఏళ్లు చెరిగిపోవు.

జవాబు (ఇందిరానగర్ పాఠకుడు):
అమ్మమ్మ గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. ఇంగ్లండులో 2002 నాటి దత్తత చట్టం ప్రకారం దత్తత కుటుంబం అడిగితే స్థానిక సంస్థ దాని అవసరాలను అంచనా వేయక తప్పదు, కానీ ఆ తర్వాత సేవ అందించాలా వద్దా అన్నది ఆ సంస్థ విచక్షణకే వదిలేశారు. 2015లో చికిత్సల కోసం ప్రత్యేక నిధి ఏర్పాటైంది. 2025 ఏప్రిల్‌లో అందులో ఒక్కో బిడ్డకు ఏడాదికిచ్చే పరిమితిని 5,000 పౌండ్ల నుంచి 3,000కు తగ్గించారు. అందుకే మనం ఇక్కడ చట్టసవరణ కోరేటప్పుడు అంచనాతో ఆగకుండా, సేవనూ దానికయ్యే డబ్బునూ కూడా చట్టంలోనే రాయమని అడగాలి.