టమాటా బకెట్లకు ఏ ఎరువు? కాయ అడుగున నల్లమచ్చ వస్తోంది

మిద్దెతోట_ఉప్పల్:
20 లీటర్ల పెయింట్ బకెట్లలో ఆరు హైబ్రిడ్ టమాటా మొక్కలున్నాయి. సగం ఎర్రమట్టి, మిగతా సగం కోకోపీట్, వర్మీకంపోస్ట్. నవంబర్‌లో నారు నాటాం. వారానికో చెంచా యూరియా, నెలకో గుప్పెడు డీఏపీ వేస్తున్నాం. మొక్క ముదురు పచ్చగా నడుం ఎత్తు దాటింది గానీ పూత తక్కువ. వచ్చిన కాయల్లో సగానికి అడుగున నల్లమచ్చ పడి లోపలికి కుంగుతోంది. గుడ్డు పెంకులు నలిపి వేసినా మార్పు లేదు. ఒకరు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న ఎరువు) అంటారు, ఇంకొకరు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) అంటారు. ఏది కొనాలి?

పెరటిపంట:
ముందు యూరియా, డీఏపీ రెండూ ఆపండి. యూరియాలో 46 శాతం నత్రజని. 20 లీటర్ల మట్టిలో వారం వారం చెంచాడు పడితే మొక్క ఆకు మీదే పడుతుంది, పూత పెట్టదు. పైగా వీటి నుంచి వచ్చే అమ్మోనియం వేర్ల దగ్గర కాల్షియానికి అడ్డుపడుతుంది. ఆ నల్లమచ్చ బ్లాసమ్ ఎండ్ రాట్. తెగులు కాదు, కాయ కొసకి కాల్షియం అందకపోవడం. శిలీంధ్రం మందు దండగ.

19:19:19 మొక్క ఎదిగే దశకి, మీది అది దాటింది. 13:0:45 (పొటాషియం నైట్రేట్), కాల్షియం నైట్రేట్ చెరో అరకిలో తెచ్చుకోండి. మొదటిది లీటరు నీటికి 2 గ్రాములు, బకెట్‌కి లీటరు చొప్పున వారానికోసారి. మూడు రోజులాగి రెండోదీ అదే మోతాదులో. మట్టి ఎండి ఉన్నప్పుడు పోస్తే వేర్లు మాడతాయి, తడిపాకే పోయాలి.

బకెట్‌తోట:
ఒక జాగ్రత్త. కాల్షియం నైట్రేట్‌ని ఎప్సమ్ సాల్ట్‌తో గానీ 0:52:34 (భాస్వరం, పొటాష్ ఎరువు)తో గానీ ఒకే నీళ్లలో కలపొద్దు. తెల్లగా విరిగి అడుగున సున్నంలా పేరుకుంటుంది, మొక్కకి ఏదీ అందదు. అసలు ఎప్సమ్ సాల్ట్ మీకిప్పుడు వద్దు. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితేనే అది. ఊరికే వేస్తే మెగ్నీషియం ఎక్కువై కాల్షియాన్ని ఇంకా తగ్గిస్తుంది. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకి లెక్కలోకి రావు.

ఇంతకీ నీళ్లెలా పోస్తున్నారు?

మిద్దెతోట_ఉప్పల్:
రెండు రోజులకోసారి, బకెట్ నిండేలా. బోరు నీళ్లే. మధ్యలో ఆకులు వాలుతుంటాయి.

బకెట్‌తోట:
అయితే సగం జబ్బు అక్కడే ఉందండీ. కాల్షియం నీటితోపాటే పైకెక్కుతుంది. ఆకులు నీళ్లు ఎక్కువ లాగుతాయి, కాయ తక్కువ లాగుతుంది. మట్టి ఎండితే ముందు నష్టపోయేది కాయే. ఆకు మీద కొట్టిన కాల్షియం కాయలోకి దిగదు, కాబట్టి పిచికారీ మీద ఆశ వద్దు. మీ బోరు నీళ్లు కాచిన గిన్నెకి తెల్లపొర కడుతుంటే కాల్షియం ఇప్పటికే ఉంది, కొరత నీటి క్రమంలోనే. రోజూ పొద్దున్నే అడుగు చిల్లుల్లోంచి కాస్త కారేదాకా పోయండి. పైన రెండంగుళాల ఎండుటాకులు కప్పండి. చిల్లులు పూడాయేమో కూడా చూడండి.

పెరటిపంట:
ఎరువు మొదలుపెట్టే ముందు ఒకసారి బకెట్‌కి 40 లీటర్ల దాకా నిదానంగా పోసి పేరుకున్న లవణాలు కడిగేయండి. మచ్చ పడిన కాయలు తెంపేయండి, అవి బాగుపడవు. రెండు మూడు వారాల తర్వాత కట్టే పిందెల్లో తేడా కనిపించాలి. కాల్షియం నైట్రేట్ గాలికి తేమ పీల్చి నీరైపోతుంది, బిగుతు మూత డబ్బాలో పెట్టండి.