నాన్నగారికి ప్రోస్టేట్ ఆపరేషన్: చేయించినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్ళు, ఉండేది తెనాలిలో. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగిందని టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర రోజూ రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటారు. మొన్న జలుబు చేస్తే మందుల షాపులో ఇచ్చిన బిళ్ళ వేసుకున్నారు. ఆ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగిసి విలవిల్లాడిపోయారు. గొట్టం వేస్తేగానీ స్థిమితపడలేదు. కొన్ని జలుబు మందులతో ఇలా అవుతుందని డాక్టరుగారు అప్పుడు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి.

గొట్టం తీశాక మూత్రం వస్తోంది. కానీ పోసుకొచ్చాక కూడా లోపల 180 మి.లీ. మిగిలిపోతోందని స్కానింగ్‌లో తేలింది. గ్రంథి 85 గ్రాములట. ఒక డాక్టరుగారు టర్ప్ (మూత్రం వచ్చే దారిలోంచి పరికరం పంపి, పెరిగిన గ్రంథిని ముక్కలుగా చెక్కి తీసే ఆపరేషన్) చేద్దామంటున్నారు, ఇంకొకరు లేజర్‌తో చేసే హోలెప్ మేలంటున్నారు. నాన్నగారికి గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. నా భయమంతా అదే.

స్టెంట్ ఉన్న పెద్దవాళ్ళకు ఈ ఆపరేషన్ చేయించినవాళ్ళెవరైనా ఉన్నారా? ఆ మాత్రలు గుండె డాక్టరు ఆపమన్నారా, ఎన్నాళ్ళు? ఇంటికొచ్చాక మూత్రంలో రక్తం ఎంతకాలం పడింది? తెలియకుండా చుక్కలు పడటం తర్వాత తగ్గిందా?

ఇంకొకటి. రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం నాలుగు దాటితే ఆయన మంచినీళ్ళు ముట్టరు. బస్సెక్కాలంటే భయం. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కీ రాలేదు. అమ్మ ఎంత చెప్పినా వినరు. మీ ఇంట్లో పెద్దాయనకు ఎలా నచ్చజెప్పారో చెప్పండి.