ఈ వారం సమస్య: "గాలి గుఱ్ఱము నమ్మి తాఁ గడలి దాఁటె"

నిర్వాహకుడు (అమలాపురం):

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య మా బావగారి నోట వచ్చిన మాట. దానికి నేను పాదం కట్టానంతే. ఆయన చాలా ఏళ్ళుగా జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నారు. 1995లో తయారైన పోర్షే 911 కారు ఆయన దగ్గర పదహారేళ్ళు ఉంది. ఇంజను నీళ్ళతో కాక గాలితో చల్లబడే 911లలో అది చివరి తరానిది. మొన్న షోరూమువారు దానికి ధర కట్టి తీసుకోగా, పై సొమ్ము చెల్లించి కొత్త 911కు ఆర్డరు పెట్టారు. అది చేతికి రావడానికి నెలలు పడుతుందని తెలిసి, ఆ ఖాళీలో ఊరికి వచ్చారు.

మధురపూడి విమానాశ్రయం నుంచి నా కారు తానే నడుపుతానని కూర్చున్నారు. కూర్చోగానే ఆయన ఎడమ చెయ్యి స్టీరింగు పక్కన తాళం కోసం తడిమింది. ఆ బండిలో తాళం ఎడమ వైపునే ఉంటుంది. నా బండిలో అక్కడ వైపరు కాడ తప్ప మరేమీ లేదు. జొన్నాడ దాటి రావులపాలెం వంతెన ఎక్కేదాకా ఆయన పెదవి విప్పలేదు. గౌతమి మధ్యకు వచ్చాక మాత్రం, "గాలి గుఱ్ఱాన్ని అమ్ముకొని సముద్రం దాటి వచ్చానోయ్" అన్నారు.

గుఱ్ఱమనడం ఊరికే కాదు. స్టుట్‌గార్ట్ అన్న పేరుకే ఆడగుఱ్ఱాల తోట అని అర్థం. ఆ నగర చిహ్నంలోని గుఱ్ఱమే ఆ కారు ముందు బిళ్ళ మీదా ఉంటుంది. "నమ్మి" అన్నచోట అమ్మకమూ నమ్మకమూ రెండూ పలుకుతున్నందుకు నేను రాత్రంతా మురిసిపోయాను. పాత బండికీ కొత్త బండికీ నడుమ పడిన మనిషి పూరణలో కనిపించాలన్నదే నా కోరిక.

తణుకు వకీలు:

సమస్య బాగుంది. అయితే పూరించే ముందు ఒక్క మాట తేలాలి. అమ్మకం అర్థంలో "గుఱ్ఱమున్ + అమ్మి" అని విడదీస్తే ఏ చిక్కూ లేదు. నమ్మకం అర్థంలో "గుఱ్ఱము నమ్మి" అని ప్రథమను ద్వితీయకు బదులుగా వాడినట్లు అవుతుంది. అది జడ పదార్థానికి చెల్లుతుంది కాని, గుఱ్ఱం ప్రాణి కదా!

నిర్వాహకుడు (అమలాపురం):

వకీలు గారూ, ఇక్కడి గుఱ్ఱం కారే కనుక జడమే. ప్రాణి అని పట్టుబట్టినా, "గుఱ్ఱమున్ నమ్మి" అన్నప్పుడు నకారం ముందున్న ద్రుతం, అంటే ఆ "న్", లోపిస్తుంది కనుక రూపం అదే నిలుస్తుంది. రెండు దారులా సమస్య క్షేమమే.

ధవళేశ్వరం విశ్రాంత ఇంజనీరు:

అప్పు లెన్నియో తలమీద నడుగు లేని
కడలి యగుచుండఁ, దన పాత కారు విలువ
యేఁటి కేఁడును బెరుగుట నెఱిఁగి, నేఁడు
గాలి గుఱ్ఱము నమ్మి తాఁ గడలి దాఁటె.

గాలితో చల్లబడే 911ల తయారీ 1998తో ఆగిపోయింది. ఆగిపోయిన తరువాత కొన్నాళ్ళకు వాటి ధరలు అంతకంతకూ పెరిగాయి. ఆ సంగతి ఆధారంగా అప్పుల కడలిని దాటించాను.

కోటిపల్లి మాస్టారు:

మొదటి పాదం చివర "అడుగు లేని" అని ఆపి, రెండో పాదం మొదట "కడలి" అని అందుకోవడం చదువరిని నిజంగా లోతులోకి దించింది. నా అభినందనలు. కాని నిర్వాహకులు అడిగిన కొత్త బండి ఇందులో ఎక్కడుంది? పాతది అమ్మి అప్పు తీర్చినవాడు కథలో నడిచే వెళ్ళాడు. ఇది పొలం అమ్మినవాడికీ నగ అమ్మినవాడికీ సరిపోయే పద్యం. నా పూరణ చిత్తగించండి.

ఏరు దాఁటని బండి యిం కేల మనకు
ననుచు మార్చెను మా బావ, యందమైన
నీటి గుఱ్ఱముఁ గొనినచో నిలువ నేల?
గాలి గుఱ్ఱము నమ్మి తాఁ గడలి దాఁటె.

గాలితో చల్లబడేది గాలి గుఱ్ఱమైతే, నీళ్ళతో చల్లబడే కొత్తది నీటి గుఱ్ఱం కావాలి కదా. నీటి గుఱ్ఱం చేతికి వచ్చినవాడు ఒడ్డున ఎందుకు నిలబడతాడు?

భీమవరం కుర్రవాడు:

మాస్టారూ, మూడో పాదం దగ్గర ఆగిపోయి మా అమ్మకు చదివి వినిపించాను. బళ్ళో నీటిగుఱ్ఱం అని నేర్చుకొన్న జంతువు కళ్ళముందు నిలిచి ఆవిడ ఎంతసేపు నవ్విందో చెప్పలేను. సమస్యలో కడలి ఎందుకుందో ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

తణుకు వకీలు:

నీటి గుఱ్ఱం విరుపు ఈ వారానికే మణిపూస అని నేనూ ఒప్పుకొంటాను. ఒప్పుకొన్నాక అడగవలసినది అడుగుతాను. మొదటి పాదంలోని "ఏరు దాఁటని బండి" మనకు కొత్తదా? నిరుడు "ఎద్దు లేని బండి యేరు దాఁటె" అన్న సమస్యకు మాస్టారు గారు ఎడ్లబండి అమ్మి ట్రాక్టరు కొన్న రైతును పూరణలో తెచ్చారు. అప్పుడు రేవులో ఆగిపోయిన బండే ఇప్పుడు జర్మనీలో తేలింది. ఆనాడు అదే సమస్యకు నేను పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటిన కారును రాస్తే, పంటుకు ఎద్దు ఎప్పుడుందని మాస్టారు గారే నన్ను నిలదీశారు. ఆ ప్రశ్నకు సమాధానం నా దగ్గర ఇంకా ఉంది.

కోటిపల్లి మాస్టారు:

వకీలు గారి జ్ఞాపకశక్తికి నమస్కారం. మా రేవులో ముక్తేశ్వరం వైపు వెళ్ళే పంటును రోజూ చూసేవాణ్ణి కనుకనే ఆనాడు అలా అడిగాను. పంటు మీద కారు కూర్చుంటుంది, దాటేది పంటు. సమస్యలో దాటింది బండి. ఆ తేడా చిన్నది కాదని నేను ఇప్పటికీ అంటాను. ఏరు దాటని బండి పాత మాటే అయినా, ఏటి ఒడ్డున పుట్టినవాడికి బండిని కొలిచే మొదటి కొలత అదే.

రాజోలు మెకానిక్కు:

నాకు పద్యం కట్టడం రాదు, చదవడం మాత్రం ఇష్టం. బండి సంగతి కనుక రెండు మాటలు చెప్పనివ్వండి. మన కాలువ గట్ల మీద ఆయిల్ ఇంజన్లు చూసినవారికి ఇది తేలిగ్గా తెలుస్తుంది. కొన్నిటికి సిలిండరు చుట్టూ రేకుల్లాంటి రెక్కలుంటాయి, వాటిని గాలే చల్లారుస్తుంది. కొన్నిటికి పంపు తోడిన నీటిలోనే కొంత మళ్ళించి ఇంజను చుట్టూ తిప్పుతారు. పాత 911లో ఇంజను వెనుక ఉంటుంది, దాని మీద పెద్ద ఫ్యాను గాలి కొడుతుంది. అయితే ఆ పని అంతా గాలిదే కాదు. చమురు కూడా పది లీటర్ల పైచిలుకు తిరుగుతూ వేడిని మోస్తుంది. అందుచేత అది సగం చమురు గుఱ్ఱం కూడా.

1997లో వచ్చిన తరంతో నీళ్ళ పద్ధతికి మారారు. ఒక్కొక్క సిలిండరుకు నాలుగేసి వాల్వులు పెడితే ఆ తలభాగంలో పుట్టే వేడిని ఒట్టి గాలి లాగలేదు. పొగ నిబంధనలు, చప్పుడు నిబంధనలు కూడా బిగిశాయి. ఇంజను వెనుకే ఉండిపోయింది, రేడియేటర్లు ముందు చక్రాల దగ్గరికి వెళ్ళాయి, కనుక నీళ్ళు బండి పొడవునా పోయి రావాలి. మాస్టారు గారి నీటి గుఱ్ఱానికి ఒంటి నిండా కాలువలే అని నాకు తోచింది.

ఒక్క అభ్యంతరం. ఆ పాత బండి ఏరు దాటలేనిది కాదు. సరిగ్గా చూసుకొంటే అది ఇప్పటికీ ఎంత దూరమైనా పోతుంది. మారింది దాని సత్తువ తగ్గి కాదు.

కోటిపల్లి మాస్టారు:

"ఒంటి నిండా కాలువలే" అన్నవారికి పద్యం రాదని నేను నమ్మను. అభ్యంతరం న్యాయమైనది. పాతదాన్ని తక్కువ చేస్తే తప్ప కొత్తదాన్ని ఎక్కించలేకపోవడం నా మొదటి పాదంలోని లోపం. వకీలు గారు పట్టినది మాట పాతదని. మీరు పట్టినది మాట అబద్ధమని. రెండోది నాకు ఎక్కువ తగిలింది.

భీమవరం కుర్రవాడు:

నేను నమ్మకం అర్థంలో ప్రయత్నించాను. తప్పులుంటే చెప్పగలరు.

అమ్ము మని రెల్లరును. దాని నమ్మ లేక
యోడలో నెక్కించి తనతోడ నుంచుకొనియెఁ,
బాత చెలికాని విడువని భాగ్యశాలి;
గాలి గుఱ్ఱము నమ్మి తాఁ గడలి దాఁటె.

కొత్త బండి కొనమని అందరూ చెప్పినా వినక, దేశం మారుతూ పాత బండిని ఓడలో వెంట తీసుకొని వెళ్ళినవాడి కథ ఇది.

తణుకు వకీలు:

తమ్ముడూ, మొదటి పాదంలో "దాని నమ్మ లేక" అన్నావు. అమ్మలేకపోయాడని చదివి ముందుకు పోతాము. సమస్యా పాదం చేరి "నమ్మి" అని చూసి వెనక్కి వస్తే, నమ్మలేకపోవడం కూడా అక్కడే ఉంది. అమ్మలేనివాడు నమ్మినవాడయ్యాడు. ఇది నువ్వు తెలిసి చేసినా, తెలియక జరిగినా, పద్యానికి అదే ప్రాణం. ఇటీవల పెద్దల పూరణల్లో నేను ఇంత పని చూడలేదు.

రెండో పాదంలో మాత్రం గణం తప్పింది. "యోడ" తరువాత "లో నెక్కిం" అని మూడు గురువులు వరుసగా పడ్డాయి.

కోటిపల్లి మాస్టారు:

"పెద్దల పూరణల్లో" అన్న బాణం నాకు చేరింది, స్వీకరించాను. బాబూ, "లో" అన్న ఒక్క అక్షరాన్ని దింపెయ్యి, ఓడ తేలుతుంది: "యోడ నెక్కించి తనతోడ నుంచుకొనియె". పంటు మీద ఒక మనిషి ఎక్కువైనా సరంగు ఇలాగే దింపుతాడు. యతి ముందే కుదిరింది కనుక దాన్ని కదపకు.

భీమవరం కుర్రవాడు:

దింపేశాను మాస్టారూ. "ఓడ నెక్కించి" అన్నాక పలకడం కూడా తేలికైంది. వకీలు గారూ, మొదటి పాదంలోని "నమ్మ లేక" తెలిసే చేశాను. రెండో పాదం తప్పడానికి కారణం ఆ సంతోషమే అనుకొంటున్నాను.

పాలకొల్లు అక్కయ్య:

నిర్వాహకులను ఒక సంగతి అడగాలి. అందరూ అమ్మినవారి గురించే రాశారు. ఆ పాత బండిని షోరూములో చివరికి కొన్నదెవరు?

నిర్వాహకుడు (అమలాపురం):

అక్కయ్యగారూ, ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. మా బావగారిని ఇప్పుడే అడిగి వచ్చాను. అమెరికా నుంచి ఒక కుర్రవాడు ఆ బండి కోసమే వచ్చాడట. ఇంజను వేయమని చెప్పి, డ్రైవరు సీటులో కూర్చోకుండా, బండి వెనక్కి వెళ్ళి నిలబడి చాలాసేపు విన్నాడని షోరూమువారు ఆయనకు చెప్పారట. బండి ఇప్పుడు ఓడలో ఉంది.

పాలకొల్లు అక్కయ్య:

కొన్నవాఁ డెవఁ డని యన్నఁ, గొమరుఁ డొకఁడు
దాని గానమ్ముఁ జెవి నిండఁ దాను వినియె;
నమ్మె నొక్కరుఁ; డొక్కరుఁ డట్టె నమ్మె;
గాలి గుఱ్ఱము నమ్మి తాఁ గడలి దాఁటె.

కోటిపల్లి మాస్టారు:

నేనూ వకీలు గారూ అమ్మకమా నమ్మకమా అని రెండు ఒడ్డులు పంచుకొని కూర్చుంటే, అక్కయ్యగారు రెండింటినీ ఒకే పాదంలో చేర్చారు. మూడో పాదంలో మొదటి "నమ్మె" అమ్మినవాడిది, చివరి "నమ్మె" కొన్నవాడిది. ఒకే బండి ఒకచోట అమ్ముడు పోతున్న ఆ క్షణంలోనే మరొకచోట నమ్మకం అవుతున్నది. పాతదాన్ని కించపరచకుండా మారకం చెప్పిన పద్యం ఇదొక్కటే. నా నీటి గుఱ్ఱాన్ని ఈ పూరణ పక్కన కట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

తణుకు వకీలు:

ఈ మాటతో మాస్టారు గారితో మొదటిసారి పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మూడో పాదంలో "వినియెన్ + అమ్మె" అన్న సంధిలోని అకారానికి "డట్టె"లోని అకారంతో యతి చెల్లింది. అక్కయ్యగారి దగ్గర ఇలాంటివి వెతకడం నా అలవాటు, ఇన్నేళ్ళలో ఒక్కటీ దొరకలేదు. కాని రెండో పాదంలో "దాను" అన్న మాట గణం నింపడానికి పడిందేమో అనిపిస్తున్నది. "కొమరుఁ డొకఁడు" అన్నాక "తాను" అవసరం లేదు, పైగా సమస్యా పాదంలో "తాఁ" మళ్ళీ వస్తుంది.

నిర్వాహకుడు (అమలాపురం):

నాలుగు పద్యాలూ వరండాలో మా బావగారికి చదివి వినిపించాను. మాస్టారు గారి పద్యానికి నవ్వారు. కుర్రవాడి పద్యానికి, "నేను ఆ పని చెయ్యలేకపోయాను" అన్నారు. అక్కయ్యగారి పద్యం మూడో పాదం దగ్గర నన్ను ఆపి, మళ్ళీ చదవమన్నారు. "మొదటి నమ్మె నాదే కదా" అని అడిగి, లేచి కాలువ వైపు వెళ్ళారు. వకీలు గారి సందేహానికి అక్కయ్యగారే సమాధానం చెప్పాలి.

పాలకొల్లు అక్కయ్య:

వకీలు గారూ, "తాను" తీసేస్తే పద్యం నాకు అక్కరలేదు. ఇప్పుడు ఆ చప్పుడు ఫోనులోనూ వినవచ్చు, ఎవరో విని చెప్పగా కూడా నమ్మవచ్చు. ఈ కుర్రవాడు సముద్రం దాటి వచ్చి, బండి వెనక నిలబడి, తాను విన్నాడు.