‘ద కింగ్ అండ్ ఐ’ చూపే ముందు ప్రేక్షకులకు ఎంత చెప్పాలి?

నల్లగొండలో నెలకోసారి పాత చిత్రాలు ప్రదర్శించి, చూసినవారితో అభిప్రాయాలు రాయిస్తున్నాము. సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకూ, ఆయన పిల్లలకు చదువు చెప్పవచ్చిన ఆంగ్ల ఉపాధ్యాయినికీ మధ్య సంఘర్షణను పాటలతో చెప్పిన 1956 నాటి ఈ చిత్రాన్ని నేనే ఇష్టపడి ఎంచుకున్నాను.

మొదటిసారి పరిచయం లేకుండా చూపితే, వచ్చిన 23 కాగితాల్లో దాదాపు అన్నీ పాటలు, దుస్తులు బాగున్నాయన్నవే. రెండోసారి ఆసియావారిని వలస పాలకులు చూసే తీరు గురించి, థాయ్‌లాండ్‌లో ఈ చిత్రాన్ని నిషేధించిన సంగతి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడితే, అందరూ నా మాటలనే తిరిగి రాశారు. మూడోసారి, అమెరికా బానిసత్వంపై రాజసభలో ఆడే నృత్యనాటకానికి ముందు ఆపి వివరించాను. సగం మంది లేచి వెళ్లిపోయారు.

నాకు కావలసింది మొదటి ప్రదర్శనలో ఒక పెద్దావిడ పెన్సిలుతో రాసిన ఇలాంటి వాక్యం: “రాజు కంటె ఎవ్వరి తల ఎత్తుగ ఉండొద్దంటె మా ఊరి గడి యాదికొచ్చింది.” గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. ఆ కాగితం దాచుకున్నాను.

వచ్చే ఆదివారం సాయంత్రం ఐదున్నరకు మళ్లీ చూపుతున్నాము. ప్రేక్షకులు తమ సొంత అభిప్రాయమే రాయాలంటే, ఇటువంటి చిత్రానికి ముందు ఏ విషయం చెప్పి, ఏది చెప్పకుండా ఉండాలి?