నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప: లంబసింగిలో ఒక రాత్రి టెంట్‌లో ఉండొచ్చా?

గాజువాక కోడలు:
నవంబరు రెండో వారంలో శని, ఆదివారాలు లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. మా ఆయన ఫోన్లో ఆ మబ్బుల వీడియోలు చూసీ చూసీ టెంటే కావాలని కూర్చున్నారు. బాబుతో భయం లేదు, ఎక్కడ వాల్చినా నిద్రపోతాడు. పాప మాత్రం రాత్రి రెండుసార్లు లేస్తుంది, లేచినప్పుడల్లా పాలు కావాలి. "చంటిదాన్ని మంచులో పడుకోబెడతారా" అని మా అత్తగారు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. టెంట్ అడిగింది వాళ్లబ్బాయే, కోపం మాత్రం నా మీద.

ప్లాన్ ఇది. శనివారం పొద్దున్నే బయలుదేరి నర్సీపట్నం మీదుగా లంబసింగి. రాత్రి టెంట్. తెల్లవారుజామున పాడేరు దగ్గరి మబ్బుల కొండ వంజంగి, అక్కణ్ణుంచి అరకు, దారిలో బొర్రా గుహలు చూసుకుని ఆదివారం రాత్రికి ఇంటికి. చిన్నపిల్లలతో ఇలా వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.

కూకట్‌పల్లి నాన్న:
అక్కా, ముందు ఆ ప్లాన్ రాసిన కాగితం చింపేయండి. నేనూ పోయినేడు అచ్చం ఇలాంటి కాగితమే పట్టుకుని హైదరాబాద్ నుంచి వచ్చాను. మావాడికి అప్పుడు మూడేళ్లు. పాడేరులో దిగి, మూడింటికి లేపి, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడిగి వంజంగికి తీసుకుపోయాం. చివర్న నడక తప్పదు కదా. వాడు పది అడుగులు నడిచి కూలబడ్డాడు. మిగతా కొండంతా నా భుజాల మీదే. పైకి చేరేసరికి మబ్బులు పాలసముద్రంలా పరుచుకుని ఉన్నాయి, చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి కేకలు. మావాడు నా మెడ మీద తల వాల్చి గుర్రు పెడుతున్నాడు. ఎంత లేపినా లేవలేదు. కిందికి దిగి కారెక్కాక కళ్లు తెరిచి "నాన్నా, మబ్బులేవి?" అన్నాడు.

ఇద్దరు పిల్లలతో, అందులో ఒకరు చంకలో ఉండగా, ఒకే ఆదివారం వంజంగి, అరకు, బొర్రా అంటే మీరు చూసేది రోడ్డు ఒక్కటే.

పాడేరు మాస్టారు:
పై ఆయన చెప్పింది నిజం. ఇక్కడ ఉంటున్నవాణ్ణి కాబట్టి దూరాలు చెబుతాను. లంబసింగి నుంచి చింతపల్లి మీదుగా పాడేరు వైపు రావడానికి పిల్లలతో రెండు గంటలకు తక్కువ పట్టదు. అది కూడా మంచు లేకపోతే. తెల్లవారుజామున ఘాట్‌లో బండి ముందు పది గజాలు కనిపించని రోజులుంటాయి. పాడేరు నుంచి అరకు ఇంకో గంటన్నర. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్ల చిల్లర, అందులో సగం మలుపులే. లెక్క మీరే వేసుకోండి.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. డిసెంబరు, జనవరిల్లో కొన్ని రోజులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పోతుంది. నవంబరు రెండో వారం అంత ఉండదు, పిల్లలకు అదే నయం. అయితే ఒక్క మాట. అక్టోబరు, నవంబరు మనకి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయలుదేరే ముందు రెండు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. అల్పపీడనం అని వినబడితే మొహమాటం లేకుండా మానేయండి. అడ్వాన్సు పోతే పోయింది.

దోమల సంగతి కూడా. ఇది ఏజెన్సీ, మలేరియా ఉన్న ప్రాంతం. పిల్లలకి నిండు చేతుల చొక్కాలు, సాయంత్రం నుంచి సాక్సులు, పడుకునే చోట దోమతెర. దట్టమైన గడ్డిలో, పొదల్లో కూర్చోబెట్టకండి. నల్లిలాంటి చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, కుట్టిన చోట ఒక్కోసారి నల్లటి మచ్చ కడుతుంది. ఇంటికెళ్లిన రెండు మూడు వారాల్లో పిల్లలకి జ్వరం వస్తే మామూలు జలుబు జ్వరమే అనుకోకుండా, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి ముందే చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో ఆయనకి తెలుస్తుంది.

టెంట్ పిచ్చోడు:
నేను పెళ్లికి ముందు నుంచీ టెంట్ మోస్తున్నాను, ఇప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు. చాలామంది చలి పైనుంచి వస్తుందనుకుని రగ్గుల మీద రగ్గులు కప్పుతారు. వచ్చేది కింద నుంచి. గాలి పరుపు ఇస్తాం అని టెంట్ వాళ్లు గొప్పగా చెబుతారు. మొదటిసారి మేం దాని మీదే పడుకున్నాం. పరుపులోని గాలి నేల చలిని పీల్చి అర్ధరాత్రికి ఐసుగడ్డలా అయింది. పిల్ల ఏడుపు, మేం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. అప్పట్నుంచి మా అమ్మ కుట్టిన పాత చీరల బొంత లేకుండా నేను గడప దాటను. కింద చాప, దాని మీద పరుపు, పరుపు మీద బొంత. పైన కప్పుకునేది ఎంత ఉందో కిందా అంత ఉండాలి.

తెల్లారేసరికి టెంట్ లోపలి గుడ్డ నిండా నీటిచుక్కలుంటాయి. వాన కురిసిందని కంగారు పడకండి, అది మన ఊపిరే. అందుకే కిటికీ జిప్పు రెండు మూడు వేళ్ల మందం తెరిచి ఉంచాలి. చలి అని మొత్తం మూసేస్తే లోపల ఇంకా తడి. పిల్లల్ని గోడ వైపు పడుకోబెడితే తడి స్వెట్టర్‌తో లేస్తారు.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. నిప్పుల కుంపటి గానీ, గ్యాస్ పొయ్యి గానీ, మండే దోమల చుట్ట గానీ టెంట్ లోపలికి రాకూడదు. ఒకసారి మా పక్క టెంట్ కుర్రాళ్లు క్యాంప్‌ఫైర్ బొగ్గులు బకెట్లో పోసి లోపలికి తీసుకెళ్తుంటే నేనే వెళ్లి ఆపాను. బొగ్గు నుంచి వచ్చే ఆ విషవాయువుకి రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాడు మరి లేవడు.

గాజువాక కోడలు:
అమ్మో. మాస్టారూ, మా ఆయనకి మీ పోస్టే చదివి వినిపించాను. అరకు, బొర్రా కొట్టేశాం. వంజంగి ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు.

వర్జీనియా తెలుగమ్మాయి:
మేం ఉండేది అమెరికాలో అయినా గొడవ ఒకటే కాబట్టి రాస్తున్నా. మాకు దగ్గర్లో షెనాండోవా నేషనల్ పార్క్ ఉంది. కొండల మీదుగా 105 మైళ్ల రోడ్డు, స్కైలైన్ డ్రైవ్ అంటారు. అక్టోబరు మధ్య నుంచి ఆకులన్నీ పసుపు, నారింజ, ఎరుపు రంగులకి తిరుగుతాయి. ఆ రెండు మూడు వారాలు తెలుగువాళ్లందరూ అక్కడే, వ్యూపాయింట్‌కో పులిహోర డబ్బా. క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు నెలల ముందే పట్టుకోవాలి. మేం దిగిన బిగ్ మెడోస్ 3,500 అడుగుల ఎత్తులో ఉంటుంది, పగలు ఎండ కాసినా రాత్రి పళ్లు టకటకలాడతాయి.

అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి. తినేదేదీ టెంట్‌లో ఉండకూడదు, కారులో పెట్టి తాళం వేయాలి. తిండే కాదు, వాసన వచ్చేదేదైనా. టూత్‌పేస్టు, పాపాయి లోషన్, తడిపి పారేసిన డైపర్ కూడా. మా ఆయన ఆవకాయ సీసా టెంట్‌లో దాచుకున్నాడని రాత్రి పన్నెండింటికి కనిపెట్టి, ఆ చలిలో కారు దాకా నడిపించాను. కట్టెలు కూడా ఇంటినుంచి తీసుకెళ్లనివ్వరు, వాటిలో దాక్కున్న పురుగులు అడవికి అంటుకుంటాయని.

మేం నేర్చుకున్నది ఒకటి చెబుతా. వెళ్లే ముందు వారం ఇంటి వెనకాలే టెంట్ వేసి పిల్లలతో ఒక రాత్రి పడుకున్నాం. పదింటికి మా చిన్నది భయపడి ఏడిస్తే లోపలికి తీసుకొచ్చేశాం. రెండోరోజు తెల్లారేదాకా ఉంది. మీకు పెరడు లేకపోతే మేడ మీద వేయండి. ఏం మర్చిపోయామో అక్కడే బయటపడుతుంది. మేం మర్చిపోయింది టార్చ్.

బెల్లం బామ్మ, అనకాపల్లి:
అమ్మాయ్, నీ అత్తగారిని తప్పుపట్టకు. చంటిపిల్ల రొంప పట్టి వస్తే రాత్రుళ్లు మోసేది ఆవిడే. ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు. నువ్వు పాపని చూసుకుంటుంటే బాబుకి ఆవిడ ఉంటుంది. ఆవిడకి మటుకు మంచం ఉన్న గది తియ్యి, ఈ వయసులో నేల మీద నుంచి లేవడం ఎంత కష్టమో నన్నడుగు.

ఎలాగూ కార్తీకమాసం దగ్గర్లోనే కదా. మా చిన్నప్పుడు వనభోజనాలకి బళ్లు కట్టుకుని తోటకి వెళ్లేవాళ్లం. ఉసిరిచెట్టు కింద చాపలు పరిచి, ఆడవాళ్లు వంటలకి కూర్చుంటే పిల్లలం చీకటి పడేదాకా మట్టిలోనే. ఇప్పుడు నా మనవలకి టెంట్ లేకపోతే అది షికారే కాదట! పోనీలే. పాపకి మాత్రం చోడిపిండి, అదే రాగిపిండి, వేయించి డబ్బాలో పట్టుకెళ్లు. వేడినీళ్లు దొరికితే చాలు, జావ అయిపోతుంది.

కూకట్‌పల్లి నాన్న:
బామ్మగారూ, మా హైదరాబాద్ వాళ్లకి వనభోజనం అంటే ఇప్పుడు వికారాబాద్ అనంతగిరి కొండలే. పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, గుడి ఉంది, చెట్ల నీడ ఉంది. మూసీ పుట్టేది అక్కడే అంటే మావాడు నమ్మలేదు. "ఆ కంపు నదేనా?" అన్నాడు.

గాజువాక కోడలు:
బామ్మగారూ, అత్తగారితో రాజీ కుదిరింది! వస్తానన్నారు. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, బాబుకి ఘాట్‌లో వాంతులు. సింహాచలం కొండకే కక్కేస్తాడు. రెండు, బాత్రూములు ఎలా ఉంటాయి?

పాడేరు మాస్టారు:
వాంతులకి: బయలుదేరేటప్పుడు పాలు పట్టకండి, రెండు ఇడ్లీలు చాలు. నర్సీపట్నంలో ఆగి కాళ్లు చాపుకోనివ్వండి, ఘాట్ ఎక్కేటప్పుడు కిటికీ తీసి ఉంచండి. చేతికి ఫోన్ ఇచ్చారో, మూడో మలుపులో మీ ఒళ్లోనే. దూరంగా కొండ మీద ఏ చెట్టో చూపిస్తూ ముందుకి చూసేలా చేయండి. మందు కావాలంటే పిల్లల డాక్టర్ని అడిగి తీసుకోండి, పెద్దవాళ్ల మాత్ర సగం విరిచి వేయొద్దు.

దారిలో వలిసె పూల చేలు పసుపుపచ్చగా కనిపిస్తే ఆగుతారు, తప్పదు. అది నూనెగింజల పంట. గట్టు మీద నిలబడి ఫొటో దిగండి, చేలోకి దిగి తొక్కకండి. రైతు పదో ఇరవయ్యో అడిగితే ఇచ్చేయండి. వాళ్ల పంటని మనం రంగు కాగితంలా వాడుకుంటున్నాం కదా.

టెంట్ పిచ్చోడు:
బాత్రూములు: ఇరవై టెంట్లకి రెండు మరుగుదొడ్లు ఉన్న చోట్లు చూశాను. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఎన్ని ఉన్నాయి, నీళ్లు ఉంటాయా, రాత్రి లైటు ఉంటుందా అని అడగండి. ఫొటోలు పంపమనండి. టెంట్ ఫొటోలు అడగకుండానే పంపుతారు, దొడ్డి ఫొటో అడిగితే తడబడతారు. పాపకి చిన్న ప్లాస్టిక్ పాటీ పట్టుకెళ్లండి, అర్ధరాత్రి మంచులో నడవక్కర్లేదు. డైపర్లు మూటకట్టి వెనక్కి తెచ్చేయండి, అక్కడ చెత్తబండి రాదు.

ఇంకో మాట. మీ బాబుకి రైలంటే ఇష్టమైతే అరకు విడిగా ఇంకోసారి పెట్టుకోండి. విశాఖలో పొద్దున ఏడింటిలోపు బయలుదేరే కిరండూల్ రైలెక్కండి. దారిలో యాభైకి పైనే సొరంగాలు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా బోగీ బోగీ అంతా పిల్లల కేకలు. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద 996 మీటర్లు అని మా అమ్మాయితో చదివించాను. అంకెలు కొత్తగా నేర్చుకుంటోంది, తొమ్మిది రెండుసార్లు వచ్చిందని సంబరం. అరకులో ఏం చూసిందో దానికి గుర్తే లేదు.

గాజువాక కోడలు:
వెళ్లొచ్చాం! ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. పాపకి జ్వరం గిరం ఏమీ లేదు, అది ముందు చెప్పాలి.

మేడ మీద ట్రయల్ వేశాం. పక్కింటివాళ్లు "ఇంట్లో గొడవలా?" అని అడిగారు. మర్చిపోయింది మాకూ టార్చే.

లంబసింగిలో ఒక గది, ఒక టెంట్ తీసుకున్నాం. అత్తగారు, నేను, పాప గదిలో. మా ఆయన, బాబు టెంట్‌లో, కింద మా అమ్మ బొంత. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉంటాయన్నారు. తీరా చూస్తే పొద్దున ఒక బకెట్, అదీ పెద్దావిడ గట్టిగా అడిగితే. పాప ఆ రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. ఊపిరి తీస్తోందా లేదా అని నేనే గంటకోసారి లేచి చూశాను. తెల్లారి మా ఆయన నడుం పట్టుకుని బయటికి వచ్చారు. వంజంగి మాట మళ్లీ ఎత్తలేదు.

తాజంగి చెరువు దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. మబ్బులూ లేవు, ఏమీ లేవు. బాబు రాళ్లు విసిరాడు, అత్తగారు లెక్కపెట్టారు. తోటలో స్ట్రాబెర్రీ మొక్కలు చూసి, పండు నేల మీద కాస్తుందా అని ఆశ్చర్యపోయాడు. అయితే వాడికి బాగా గుర్తుండిపోయింది పొద్దున్నే నోట్లోంచి వచ్చిన పొగ. టీకొట్టు ముందు నిలబడి ఊదుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. రోజూ ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల తల పెట్టి ఊది చూస్తున్నాడు.

కూకట్‌పల్లి నాన్న:
అక్కా, ఆ గది వాళ్ల నంబరు ఉంటే మెసేజ్‌లో పెట్టండి. డిసెంబర్లో మళ్లీ వస్తున్నాం, మావాడికి నేను మబ్బులు బాకీ. ఈసారి ఏడు తర్వాతే లేపుతాను, ఏమి మిగిలితే అవి.