లైటు మినుకుమంటుంది, బొమ్మ రాదు: పాత మానిటర్ పవర్ బోర్డు బాగుచేసినవాళ్లు చెప్పండి

పాతసామాను:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఏళ్ల తరబడి వాడుతున్న 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ ఇది. వెనక ట్యూబులైట్లుండే పాత రకం, ఎల్‌ఈడీ కాదు. ఆరు నెలల కిందట తేడా మొదలైంది. పొద్దున స్విచ్ వేస్తే ముందున్న పచ్చ లైటు మినుకు మినుకుమంటూ ఉండేది, పది నిమిషాలకి బొమ్మ వచ్చేది. పోనుపోను అది అరగంటయింది. ఇప్పుడు గంట దాటినా రావట్లేదు. వెనక చెవి పెట్టి వింటే సెకనుకోసారి సన్నగా టిక్, టిక్ అని చప్పుడు. ఒకసారి బొమ్మ వచ్చిందంటే మాత్రం రాత్రి దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నాన్నగారి కళ్లకి ఈ తెర అలవాటైపోయింది, కొత్తది వద్దంటున్నారు. రేడియోలకి వైర్లు అతికించిన అనుభవం ఉంది కానీ మెయిన్స్ కరెంటు వచ్చే బోర్డు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలిమి:
వేడెక్కాక పనిచేస్తుందన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. పవర్ సప్లై బోర్డు మీద కరెంటును (ఛార్జ్‌ని) నిల్వ ఉంచే డబ్బాల్లాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లుంటాయి. లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతూ వస్తుంది. ఎండేకొద్దీ లోపలి రెసిస్టెన్స్, అంటే ఈఎస్‌ఆర్, పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అది మరీ ఎక్కువ, వేడెక్కితే కాస్త తగ్గుతుంది. అందుకే మీ మానిటర్ పొద్దున మొరాయించి మధ్యాహ్నానికి దారికొచ్చేది. 1999 నుంచి 2007 మధ్య తయారైన కంప్యూటర్ సామానులో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు విపరీతంగా పడ్డాయి, ఆ కాలపు మదర్‌బోర్డులు, మానిటర్లు ఎన్నో ఇలాగే పోయాయి.

మూత తీయకుండానే చిన్న పరీక్ష ఒకటి చేయొచ్చు. ప్లగ్ తీసేసి, వెనక గాలి కన్నాల్లోంచి హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు వేడిగాలి కొట్టండి. ప్లాస్టిక్ మెత్తబడేంత దగ్గరగా మాత్రం వద్దు. డ్రయ్యర్ పక్కన పెట్టి, అప్పుడు ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. వెంటనే స్టార్ట్ అయితే కెపాసిటర్లేనని దాదాపు ఖాయం.

మూత తీశాక దేని మీదా చెయ్యి వేయకముందు పెద్ద కెపాసిటర్ సంగతి తెలుసుకోండి. 400 లేదా 450 వోల్టులని రాసి ఉంటుంది. దాన్ని ఖాళీ చేయకుండా పని మొదలుపెట్టొద్దు.

గాజుఫ్యూజు:
కొలిమి గారు చెప్పిన ఆఖరి మాట దగ్గర ఆగండి. నాకు దెబ్బ తగిలింది అక్కడే. ప్లగ్ తీసి చాలాసేపయింది కదా అనే ధీమాతో బోర్డును అంచులు పట్టుకుని తిప్పాను. బొటనవేలు అడుగున రెండు టంకాల మీద పడింది. చెయ్యి దానంతటదే వెనక్కి లాగేసుకుంది, రేకు కవరు అంచుకి మణికట్టు దగ్గర లోతుగా కోసుకుపోయింది. షాక్ కంటే ఆ కోతకే ఎక్కువ రక్తం పోయింది.

మెయిన్స్ 230 వోల్టులైతే ఆ కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. 120 వోల్టుల చోట సుమారు 170. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. బాగా పనిచేసే సప్లై అయితే ప్లగ్ తీయగానే ఆ ఛార్జ్‌ని తనే వాడేసుకుంటుంది. స్టార్ట్ కాని సప్లైలో దాన్ని వాడుకునేవాళ్లే ఉండరు, అందుకని చాలాసేపు అలాగే ఉండిపోతుంది. చెడిపోయిన బోర్డే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు నేను 2.2 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా తొడుగున్న వైర్లు అతికించి పెట్టుకున్నాను. ఒక చేత్తోనే పనిచేస్తూ పెద్ద కెపాసిటర్ రెండు కాళ్లకీ దాన్ని పది సెకన్లు ఆనిస్తాను. తర్వాత మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి చూస్తాను. రెండు మూడు వోల్టులకి దిగితేనే బోర్డు ముట్టుకుంటాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయమని కొందరు చెబుతారు. వద్దు. మెరుపు వస్తుంది, టంకం ఎగిరి కళ్లల్లో పడొచ్చు, పక్కనున్న భాగాలూ పోతాయి.

వేసవిగాలి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది కొంచెం వేరే బాధ. బొమ్మ చక్కగా వచ్చి రెండు సెకన్లకి తెర నల్లబడుతుంది, లైటు మాత్రం నిలకడగా పచ్చగానే ఉంటుంది. ఇదీ కెపాసిటర్లేనా?

కొలిమి:
వేసవిగాలి గారూ, గది చీకటి చేసి తెర మీద టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ మసకగా కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బాగుంది, వెనక వెలుగు పోయింది. ఆ ట్యూబులకి కరెంటిచ్చే ఇన్వర్టర్‌కి ఒక రక్షణ ఉంటుంది. ఒక ట్యూబ్ పాడైనా, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట తెగినా ఒకటి రెండు సెకన్లలో అన్నిటినీ ఆపేస్తుంది. ముందు కెపాసిటర్లే చూడండి, వాటివల్ల కూడా ఇలా జరుగుతుంది. అవి బాగుంటే, ప్లగ్ తీసి ఛార్జ్ దింపేశాక ట్రాన్స్‌ఫార్మర్ల సెకండరీ (అవుట్‌పుట్ వైపు) చుట్టల రెసిస్టెన్స్ ఒకదానితో ఒకటి పోల్చండి. అన్నీ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి ఓపెన్, అంటే తీగ తెగినట్టు, చూపిస్తే దొంగ దొరికినట్టే. ఆన్‌లో ఉండగా ఆ వైపు చెయ్యి గానీ మీటర్ గానీ పెట్టొద్దు, అక్కడ వందల వోల్టులుంటాయి, ట్యూబ్ వెలిగే క్షణంలో వెయ్యి దాటుతుంది. ట్యూబులు పెన్సిల్ కంటే సన్నం, లోపల కొద్దిగా పాదరసం ఉంటుంది, పగలకుండా చూసుకోండి.

పాతసామాను:
హెయిర్ డ్రయ్యర్ పరీక్ష పనిచేసింది! మూడు నిమిషాలు వేడి చేశాక ఒక్కసారికే వచ్చింది. నాన్నగారు పక్క గదిలోంచి లేచొచ్చారు.

నిన్న విప్పాను. స్టాండ్ తీసేశాక నాలుగు స్క్రూలే ఉన్నాయి, మిగతా అంతా ప్లాస్టిక్ కొక్కేలు. స్క్రూడ్రైవర్‌తో తెరవబోతే అంచు నలిగింది, తర్వాత పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి చుట్టూ నెమ్మదిగా జరిపితే ఒక్కొక్కటే టప్ టప్మని వచ్చాయి. గాజుఫ్యూజు గారు చెప్పినట్టే రెసిస్టర్ తయారుచేసుకున్నా. మీటర్ పెడితే, ప్లగ్ తీసి గంటన్నర దాటిన తర్వాత కూడా 190 వోల్టులు. ఆ అంకె చూశాక కాసేపు కుర్చీలోనే కూర్చుండిపోయాను. మీరు రాయకపోతే నేను నేరుగా చెయ్యి పెట్టేవాణ్ణే.

బోర్డు మీద అవుట్‌పుట్ వైర్ల దగ్గర వరసగా మూడు కెపాసిటర్లు. రెండు 1000 మైక్రోఫారడ్ 16 వోల్టులు, ఒకటి 680 మైక్రోఫారడ్ 25 వోల్టులు. మూడింటి తలలూ పూరీల్లా పొంగాయి. ఒకదాని నెత్తిన గీతలు విచ్చుకుని బెల్లం పాకం ఆరినట్టు గోధుమరంగు పెచ్చు కట్టింది. 16 వోల్టులవి దొరక్క 25 వోల్టులవి తెచ్చాను, పర్వాలేదా?

చిన్నఐరన్:
పర్వాలేదు. వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం కూడదు. మైక్రోఫారడ్లు అవే వేయండి. అసలు చూడాల్సింది అది లో ఈఎస్‌ఆర్ రకమా కాదా అన్నది, 105 డిగ్రీలదా కాదా అన్నది. 85 డిగ్రీల మామూలు రకం వేస్తే కొన్ని నెలలకే మళ్లీ విప్పుకోవాలి. పది డిగ్రీలు చల్లగా నడిస్తే ఆయుష్షు రెట్టింపవుతుందని లెక్క, కాబట్టి హీట్‌సింక్‌కి (వేడిని లాగేసే రేకుకి) ఆనుకుని ఉన్నవాటి విషయంలో రాజీ పడొద్దు. నేను పానసోనిక్ ఎఫ్ఆర్, రూబికాన్ జెడ్‌ఎల్‌హెచ్ వాడతాను. వోల్టేజ్ పెరిగితే డబ్బా కూడా పెద్దదవుతుంది. రేకు కవరు మూత పడుతుందో లేదో ముందే కొలిచి చూసుకోండి.

తీసేముందు బోర్డుకి పైనా కిందా ఫోటో తీయండి. డబ్బా మీద పొడుగ్గా ఉన్న గీత మైనస్ కాలు వైపు. బోర్డు మీద వృత్తంలో సగం రంగు వేసి ఉంటుంది, మామూలుగా అది మైనస్సే, కానీ కొన్ని బోర్డుల్లో తిరగేసి ఉంటుంది. పాతది ఎటు తిరిగి ఉందో అదే ప్రమాణం. తిరగేస్తే స్విచ్ వేసిన కాసేపట్లోనే పేలుతుంది.

టంకం తీయడానికి ఒక చిట్కా. పాత లెడ్ (టంకం) ఒక పట్టాన కరగదు. దాని మీదే కాస్త టంకం పేస్ట్ (ఫ్లక్స్) రాసి, కొత్త లెడ్ కొంచెం కలపండి. రెండూ కలిసి మెరుస్తూ జారుతుంది, అప్పుడు సక్కర్‌తో లాగితే శుభ్రంగా వచ్చేస్తుంది. ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టి ఒక్కో కాలు మీద మూడు నాలుగు సెకన్లకి మించకండి. బలంగా లాగితే అడుగున రాగి రేకు లేచిపోతుంది.

నిదానం:
నాదో మాట. ఉబ్బితేనే చెడిందని, ఉబ్బకపోతే మంచిదని అనుకోకండి. నా మానిటర్‌లో ఒక్కటీ ఉబ్బలేదు. మల్టీమీటర్ కెపాసిటెన్స్ రేంజ్‌లో పెడితే 1000కి 940 చూపించింది. బాగుందనుకుని నాలుగు వారాలు వేరే ఐసీల వెంట తిరిగాను. చివరికి ఈఎస్‌ఆర్ మీటర్ అరువు తెచ్చి పెడితే 4 ఓమ్‌లు! ఆ సైజుది మంచిదైతే 0.1 కూడా ఉండకూడదు. నా సలహా, మీటర్ దొరికితే ప్రతిదీ కొలవండి, చెడ్డవే మార్చండి. బాగున్నవి పీకితే బోర్డుకి అనవసరపు వేడి.

కొలిమి:
నిదానం గారితో కొంత ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకోను. రోజూ ఇదే పనిచేసేవాళ్లకి ఈఎస్‌ఆర్ మీటర్ ఉండాల్సిందే. ఇంట్లో ఒక్క మానిటర్ బాగుచేసుకునేవాళ్లు మాత్రం సెకండరీ వైపున్న ఎలక్ట్రోలిటిక్‌లన్నీ ఒకేసారి మార్చేయడం మేలు. ఒకే వయసువి, ఒకే వేడిలో మగ్గినవి. ఇవాళ బాగున్నది వచ్చే ఏడాది పోతుంది.

పాతసామాను:
మూడూ మార్చాను. టంకాలు బాగానే వచ్చాయి. కానీ స్విచ్ వేస్తే మళ్లీ అదే టిక్, టిక్. లైటు మినుకుమంటోంది. మనసంతా చివుక్కుమంది, నిజం చెప్పాలంటే రాత్రి నిద్ర పట్టలేదు. పోలారిటీ (ప్లస్, మైనస్ కాళ్లు) మూడుసార్లు చూశాను, సరిగ్గానే ఉంది.

కొలిమి:
వదిలేయకండి, చేసిన పని వృథా కాలేదు. టిక్‌కి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, అవుట్‌పుట్ వైపు డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) షార్ట్ అయి ఉండటం. ప్లగ్ తీసి, ఛార్జ్ దింపి, మీటర్‌ని డయోడ్ రేంజ్‌లో పెట్టి చూడండి. రెండువైపులా సున్నా చూపిస్తే దాని ఒక కాలు విప్పి మళ్లీ కొలవండి.

రెండోది అందరూ మర్చిపోయేది. మెయిన్స్ వైపు చిన్న కంట్రోల్ ఐసీ ఉంటుంది. దాని పక్కనే వేలెడైనా లేని సన్నటి కెపాసిటర్ ఒకటి, 22 లేదా 47 మైక్రోఫారడ్, 50 వోల్టులు. ప్లగ్ పెట్టగానే పెద్ద విలువున్న రెసిస్టర్ల గుండా అది మెల్లగా ఛార్జ్ అవుతుంది. నిండగానే ఐసీ లేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇంకో చుట్ట నుంచి కరెంటు అందేదాకా ఆ కాసింత ఛార్జ్‌తోనే ఐసీ బతకాలి. అది ఎండిపోతే ఐసీ లేచిన మరుక్షణం వోల్టేజ్ పడిపోయి మళ్లీ పడుకుంటుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ లేస్తుంది. మీరు వింటున్న టిక్ అదే కావచ్చు. సన్నగా ఉంటుంది కాబట్టి ఎండినా పైకి ఉబ్బినట్టు తెలీదు.

గాజుఫ్యూజు:
అది మార్చాక నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే బోర్డుకి వెళ్లేలా, పెట్టి ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే మంచిది. ఫుల్‌గా వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్ట్, వెంటనే తీసేయండి. ఎవరి బోర్డులోనైనా ఫ్యూజు లోపల నల్లగా మాడి ఉంటే దాని బదులు వైరు ముక్క పెట్టే పని అస్సలు చేయకండి. మామూలుగా బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే భాగం) గానీ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) గానీ షార్ట్ అయితేనే అలా మాడుతుంది.

పాతసామాను:
దొరికింది! డయోడ్లు బాగున్నాయి. ఐసీకి హీట్‌సింక్‌కి మధ్య ఇరుక్కుని ఉంది, 22 మైక్రోఫారడ్ 50 వోల్టులు. పైకి కొత్తదానిలా నున్నగా ఉంది. తీసి మీటర్‌లో పెడితే 3.8 మైక్రోఫారడ్లే! కింద పూసిన పసుపు జిగురు గోధుమరంగుకి తిరిగి గట్టిగా రాయిలా ఉంది, ఆ పక్కనున్న జంపర్ వైరు సగం తుప్పు పట్టింది.

కొత్తది వేసి సీరీస్ బల్బు పెట్టాను. ఒక్క మెరుపు, తర్వాత సన్నటి ఎర్రటి గీత. టిక్ లేదు. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాను. రెండు సెకన్లలో తెర తెల్లగా వెలిగింది. చాలాసేపు దాని ముందే నిలబడిపోయాను.

చిన్నఐరన్:
చాలా సంతోషం అండీ. ఆ పసుపు జిగురు మాత్రం వదలకండి. పాతబడి గోధుమరంగుకి తిరిగితే కరెంటును లీక్ చేస్తుంది, కాళ్లను తినేస్తుంది. చెక్క పుల్లతో నెమ్మదిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ జంపర్ కూడా మార్చేయండి.

వేసవిగాలి:
టార్చ్ వేసి చూశాను, బొమ్మ కనిపించింది. కెపాసిటర్లు మార్చినా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు కొలిస్తే మూడు 880 ఓమ్‌ల దగ్గర ఉన్నాయి, నాలుగోది ఓపెన్. పాత బోర్డు నుంచి సరిపోయేది దొరుకుతుందేమో వెతుకుతున్నాను, దొరికితే ఇక్కడే రాస్తాను.

పాతసామాను:
తొమ్మిది రోజులైంది. జిగురు గీకాను, జంపర్ మార్చాను. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున చల్లగా ఉన్నప్పుడే పెట్టి చూస్తున్నాను, ఒక్కసారీ మొరాయించలేదు. ఎడమవైపు తెర మొదటి నిమిషం కాస్త ఎర్రగా ఉంటుంది, ట్యూబ్ పాతబడిందనుకుంటాను. నాన్నగారికి అది కనపడట్లేదట. నిదానం గారు చెప్పింది గుర్తుపెట్టుకుని ఈఎస్‌ఆర్ మీటర్ ఒకటి తెప్పించాను. సెకండరీ వైపు మిగిలిన రెండు కెపాసిటర్లు వచ్చే ఆదివారం కొలుస్తాను.